ఊ కొట్టిన పాపానికి

ఆ రోజుల్లో నాకు రెండే భయాలు ఉండేవి. ఒకటి వీసా, రెండోది ఆకలి. చదువు మూడోది కూడా కాదు (ఈ మాట మా అమ్మాయి ముందు అనను). అర్కన్సాలో ఒక చిన్న ఊళ్ళో ఎమ్మెస్ చేస్తున్న రోజులవి. కారు లేనివాణ్ణి అక్కడ ఎవరూ మనిషి కింద లెక్కేసేవారు కాదు, నాకు కారు లేదు. వంట వచ్చిన రూమ్మేట్ ఒకడు దొరికాడు గనక బతికి బట్టకట్టాను. వాడిది వరంగల్. మాకన్నా ఏడాది ముందొచ్చాడని అందరం వాణ్ణి ‘సీనియర్’ అనేవాళ్ళం. ఒకరోజు పప్పు తిరగమోత పెడుతూ, "అరే, లైబ్రరీల ఆన్‌క్యాంపస్ జాబ్ ఒకటి పడ్డదంట. ముసలోళ్ళు ముచ్చట్లు చెప్తుంటే రికార్డ్ చేసుడు. నువ్వు ఎట్లనో ఎవరేం చెప్పినా కూసోని వింటవ్ గద, అప్లై చేయి" అన్నాడు. నా జీవితంలో నాకు దక్కిన మొదటి క్వాలిఫికేషన్ అదే.

పని ఏమిటంటే, రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ విమానాలు నడిపిన పైలట్లు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో కొందరు మిగిలి ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ కథల్ని వాళ్ళ గొంతులోనే రికార్డు చేసి దాచాలి. దీన్ని చూసే మేడం ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడేది. ఆవిడకి మేం ‘ష్ మేడం’ అని పేరు పెట్టుకున్నాం. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి, "వీళ్ళందరికీ ఎనభై దాటాయి. మనకి ఎక్కువ టైమ్ లేదు. నువ్వు మైకు పెట్టు, ప్రశ్న అడుగు, ఆ తర్వాత నోరు మూసుకో" అని మూడు ముక్కల్లో చెప్పింది. మొదటి రెండూ నాకు బాగానే వచ్చాయి.

మూడోది ఎందుకు రాలేదంటే, నేను మా నాయనమ్మ దగ్గర తయారైన వాణ్ణి. వేసవి మధ్యాహ్నాలు చింతపండులో గింజలు తీస్తూ ఆవిడ కథ చెప్పేది. ప్రతి వాక్యానికీ మనం ‘ఊ’ అనాలి. ఒక్క ఊ తప్పిందో, "ఏరా, వింటున్నావా, గోడకి చెబుతున్నానా?" అని రాకుమారుణ్ణి అడవి మధ్యలో వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆ రాకుమారుల్లో కొందరు ఈనాటికీ అడవిలోనే ఉన్నారు. అందుచేత పెద్దవాళ్ళు కథ మొదలుపెడితే నాకు ఊ దానంతటదే వచ్చేస్తుంది.

నాకు అప్పగించిన మొదటి పైలట్‌కి నా లెక్కలో ‘విమానం తాత’ అని పేరు. ఊరి చివర చిన్న ఇల్లు, పెరట్లో టమాటా మొక్కలు. స్కూల్లో పాఠాలు చెప్పే కూతురు ఆయన్ని కనిపెట్టుకుని ఉండేది. మొదటి రోజు ఆయన రెండు గంటలు మాట్లాడాడు, నేను రెండు గంటలూ ఊ కొట్టాను. మర్నాడు మేడం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, మొహం అదోలా పెట్టి, "ఆయన ఆవుని పెంచుతున్నాడా?" అని అడిగింది. ఆవు నేనేనని ఒప్పుకున్నాను. ఇక మీదట తల మాత్రమే ఊపమని గట్టిగా (అంటే గుసగుసగానే) చెప్పింది.

రెండోసారి గంగిరెద్దులా తల ఊపుతూ కూర్చున్నాను. తాత పది నిమిషాలు చెప్పి ఆపేశాడు.

"ఒంట్లో బాగాలేదా అబ్బాయ్? అసలు వింటున్నావా?"

సంగతంతా చెప్పాను. మా నాయనమ్మ గురించి కూడా చెప్పాను. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, "మా ఇంట్లో నేను యుద్ధం అనగానే అందరికీ పనులు గుర్తొస్తాయి. నువ్వు ఆ చప్పుడు చేస్తుంటే గదిలో మనిషున్నాడని తెలుస్తోంది. చేస్తూ ఉండు. మీ మేడంతో నేను మాట్లాడతాను" అన్నాడు. (మాట్లాడలేదు.) అలా ఎవరో ఒకరి కారు అడుక్కుని మొత్తం ఏడుసార్లు వెళ్ళాను. ఏడుసార్లూ ఊ కొట్టాను.

ఏడోసారి ఆయన నా ప్రశ్నల కాయితం తీసి పక్కన పెట్టేశాడు. "నా పక్కనే ఇంకో విమానంలో ఎగిరే నా జతగాడి సంగతి చెబుతాను. పొగమంచు దట్టంగా పట్టేసిన రోజు. నేను ముందు దిగిపోయాను. వాడు ఇంకా పైనే ఉన్నాడు. విమానం కనపడదు, ఇంజిన్ మాత్రం వినపడుతోంది. ఎయిర్‌ఫీల్డ్ చుట్టూ తిరుగుతున్నాడు, దిగడానికి చోటు తెలియడం లేదు. వాడి ఇంజిన్‌లో ఒక వణుకు ఉండేది, దాన్ని బట్టి వాడేనని నేను గుర్తుపట్టేవాణ్ణి. ఇదంతా కాయితం మీద ఎన్నోసార్లు రాశాను. ఆ శబ్దం మాత్రం కాయితం మీదికి రాదు. అందుకే మీ మెషిన్ ముందు కూర్చోడానికి ఒప్పుకున్నాను. అది ఇలా వినపడింది" అని కళ్ళు మూసుకుని, పెదాలు బిగించి, గొంతులోంచి ఆ శబ్దం తీశాడు. దగ్గరికొచ్చింది, దూరమైంది, మళ్ళీ వచ్చింది. మధ్యలో ఆ వణుకు. చివరికి సన్నబడి, ఆగిపోయింది. బహుశా ఒకటిన్నర నిమిషం. నేను ఊ కొట్టడం మర్చిపోయింది ఆ ఒక్కచోటే.

ఇక నా తెలివి చూడండి. ఏడు రికార్డింగుల నిండా నా ఊలు ఉన్నాయి, మేడం వింటే ఉద్యోగం ఊడుతుంది. నేనా కంప్యూటర్ సైన్స్ విద్యార్థిని. నోరు మూసుకుని గొంతుతో చేసే శబ్దం ఎక్కడ కనపడినా దాన్ని నిశ్శబ్దం చేసే ప్రోగ్రాం ఒకటి రాశాను. దానికి నా ఊలే రకరకాలుగా ఓ యాభై నేర్పించాను. మొదటి ఫైల్ ఐదు నిమిషాలు విన్నాను, ఒక్క ఊ లేదు. సీనియర్‌ని పిలిచి వినిపిస్తే "అబ్బ, క్లీన్ చేసినవ్ రా భయ్!" అన్నాడు. ఆ గర్వంలో ఏడింటికీ ప్రోగ్రాం నడిపి, కొత్తవి పాతవాటి మీదే సేవ్ చేసేశాను. రికార్డర్‌లోవి వేరే పైలట్ కోసం అప్పటికే చెరిపేశాను.

వారం తర్వాత మేడం నన్ను గదికి పిలిచి ఏడో ఫైల్ పెట్టింది. "అది ఇలా వినపడింది" అన్నాడు తాత. ఆ తర్వాత ఏమీ లేదు. ఒకటిన్నర నిమిషం పాటు ఏమీ లేదు. మేడం కళ్ళు తుడుచుకుని, "చూశావా, మాట పెగల్లేదు పాపం. ఈ మౌనాన్ని నువ్వు ఎంత గౌరవంగా ఉంచావు! నేర్చుకున్నావు" అంది. అప్పుడు చెప్పాల్సింది. నేను థాంక్యూ అన్నాను.

మళ్ళీ వెళ్ళి ఇంకోసారి చెప్పించుకుందామనుకున్నాను. ఆ వారం మిడ్‌టర్మ్స్. తర్వాత వారం కారు దొరకలేదు. ఆ తర్వాత ఇంటర్వ్యూలు. నిజం చెప్పాలంటే ఇవేవీ కారణాలు కావు. ఆయన ముందు నిలబడి, మీ జతగాణ్ణి చెరిపేశానని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. సెమిస్టర్ అయిపోయింది. వేసవిలో తాత పోయాడని మేడం ఈమెయిల్ పెట్టింది. అప్పటికి నేను రెడ్‌మండ్‌లో ఉద్యోగంలో చేరి, కొత్త కారుకి ఏ రంగు బాగుంటుందని ఆలోచిస్తున్నాను.

ఇది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. మొన్న ఆయన కూతురి దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. ఇప్పుడు ఆవిడకే డెబ్బై దాటాయి. లైబ్రరీవాళ్ళు రికార్డింగులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టారట. "ఒకచోట నాన్న ‘ఇలా వినపడింది’ అంటారు, తర్వాత ఏమీ వినపడదు. ఆ గదిలో ఉన్నది మీరొక్కరే. ఏం జరిగిందో గుర్తుందా?" అని అడిగింది.

గుర్తు లేకపోవడమేమిటి. ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో కారు అద్దాలన్నీ ఎత్తుకుని, ఆ శబ్దం నాకు వస్తుందేమోనని ప్రయత్నించాను. మూడోసారికి కొంచెం దగ్గరికి వచ్చింది. అద్దం మీద టకటకమని కొట్టారెవరో. మా టీమ్‌లోని గుంటూరు కుర్రాడు. "బ్రో, మీ కార్‌లోంచి ఏదో సౌండ్ వస్తందండీ. ఒకసారి మెకానిక్‌కి చూపించండి" అన్నాడు. చూపిస్తానని చెప్పి పంపించి, ఆవిడకి ఫోన్ చేశాను.

ముందు నేరం ఒప్పుకున్నాను. ప్రోగ్రాం, మేడం మెచ్చుకోలు, నా థాంక్యూ, వెళ్ళకపోవడం, అన్నీ. "అయితే ఆ రోజు ఏం చెప్పారో మీరు చెప్పండి. మాకెప్పుడూ చెప్పలేదు" అంది ఆవిడ. మొదలుపెట్టాను. పొగమంచు దట్టంగా పట్టేసిన రోజు, అన్నాను. అవతలి నుంచి "ఊ" అని వినపడింది. లైన్ గోల అనుకున్నాను. ఆయన ముందు దిగిపోయారు, అన్నాను. మళ్ళీ "ఊ".

ఆగిపోయాను.

"ఏం, ఆపేశారు? మీరు వచ్చి వెళ్ళడం మొదలయ్యాక నాన్న మా చేత కూడా ఇది అనిపించేవారు. అనకపోతే కథ ఆపేసేవారు. నా మనవలకి కూడా ఇప్పుడు ఇదే అలవాటు" అంది.

రికార్డుల్లో ఒక్కటి కూడా మిగలకుండా నేను చెరిపేసిన ఊ అది. ఇంజిన్ శబ్దం దగ్గరికొచ్చాక కళ్ళు మూసుకుని, నాకు వచ్చినంతవరకూ చేశాను. ఆ వణుకు నాకు సరిగ్గా రాలేదు, ఇక రాదు కూడా. యాభై ఊలు నేర్పించి ఏడో ఫైల్ ఒక్కసారి వినడం మర్చిపోయిన ఆ కుర్రవెధవ ఇప్పుడు కనపడితే తిట్టాలో, నవ్వాలో నాకు తెలియదు. శబ్దం ఆగిపోయాక అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. నేను కూడా ఏమీ అడగకుండా ఎదురుచూశాను. కాసేపటికి ఆవిడ, చాలా చిన్నగా, ఊ అంది.