పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు

మా లెక్కల టీచర్ పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయారట. మేడ్చల్‌లోని వాళ్ల ఇంటికి వెళ్లి ఆఖరిసారి చూసి వచ్చాను.

తొంభైల్లో శామీర్‌పేట బడిలో, తొమ్మిదో తరగతిలో మాకు లెక్కలు చెప్పారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి. సుద్దముక్క గోరంత అయ్యేదాకా పారేసేవారు కాదు. "జవాబు తర్వాతమ్మా, ఎలా వచ్చిందో చెప్పు" అనేవారు.

ఒకరోజు బోర్డు మీద వరసగా ఒకట్లు రాశారు. మూడు ఒకట్ల సంఖ్యను మూడు భాగిస్తుంది. నాలుగు ఒకట్లయితే పదకొండు, ఐదయితే నలభై ఒకటి. తర్వాత ఏడు ఒకట్లు రాశారు. 11,11,111. "ఇది ప్రధాన సంఖ్య. ఒకటీ, తానూ తప్ప దీన్ని ఇంకేదీ భాగించదు" అన్నారు.

నేను లేచాను. "ఎట్ల తెలుసు టీచర్? అన్నిటితోని జేసి చూసిండ్రా?"

"మా మాస్టారు చెప్పారు. కూర్చో."

అందరూ నవ్వారు. కూర్చున్నాను. ఆ ఏడాది మళ్లీ నోరు తెరవలేదు.

పదోక్లాసుతో నా చదువు ఆగింది. పెళ్లయి యాప్రాల్ వచ్చాను. కొన్నేళ్లకు ఒక మధ్యాహ్నం, రెండు బస్సులు మారి, టీచర్ మా గుమ్మంలోకి వచ్చారు. అప్పటికి రిటైరయ్యారు. మా అత్తమ్మ "ఎండల వడి వచ్చినవ్, జెర సల్ల తాగమ్మా" అని గ్లాసు అందించింది. ఆవిడ తాగకుండానే సంచిలోంచి నోట్‌బుక్ తీశారు. అందులో ఏడు ఒకట్లను రెండుతో, మూడుతో, ఏడుతో, అలా ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ పోయారు. ప్రతిసారీ శేషం మిగిలింది. 239 దగ్గర మిగల్లేదు. భాగఫలం 4649.

"నేను చెప్పింది తప్పమ్మా. నిన్ను కూర్చోమనడం ఇంకా పెద్ద తప్పు. వారం రోజులు కూర్చుంటే తేలిపోయేది, ఇన్నేళ్లు కూర్చోలేదు. నువ్వొకసారి గుణించి చూడు."

పాత క్యాలెండర్ వెనక గుణించాను. ఏడు ఒకట్లూ వచ్చాయి.

"ఇక ఈ 4649 సంగతి తేల్చాలి. మళ్లీ రెండు నుంచి మొదలుపెట్టాను" అన్నారు.

కాసేపు ఆ అంకె వంకే చూశాను. "అవసరం లేదు టీచర్. దీన్ని భాగించేది ఏదన్న ఉంటే డెబ్బై లోపల్నే దొరకాలె, డెబ్బై డెబ్బైలు దీనికన్న ఎక్కువ గద. గది గా ఏడు ఒకట్లదాన్ని గూడ భాగిస్తది. మీకు 239 కన్న ముందుగాల్నే దొరికేది. ఇగ ఇది ప్రధాన సంఖ్యనే."

టీచర్ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "నాకు తట్టలేదమ్మా. మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను. నోట్‌బుక్‌లో రాసుకున్నారు. కింద నా పేరు కూడా రాశారు. అప్పుడు మజ్జిగ తాగారు.

మొన్న వాళ్ల వాకిట్లో నా క్లాస్‌మేట్ కనిపించింది. శామీర్‌పేట చెరువుకట్ట మీద చేపలు అమ్ముతుంది. టీచర్ ఆమె దగ్గరికీ వెళ్లారట. కాగితం లేకపోతే తడి వేలితోనే బండ మీద గుణించమన్నారట. "ఎండకు ఒక్కొక్క అంకె ఆరిపోతాంది. టీచరమ్మ చీర తడుస్తున్నా చూసుకోలే, వంగి అన్నీ ఆరిందాంక చూసుకుంట నిలబడ్డది" అంది.