పురుడు పొయ్యడానికి వెళ్లిన చలికాలం

ఆ దీవికి నేను పురుడు పొయ్యడానికి వెళ్లాను. బిడ్డ దక్కలేదు. తిరుగు టికెట్ ఏప్రిల్‌కి ఉంది. కాబట్టి ఉండిపోయాను.

మా అమ్మాయి డాక్టరు. వీసా నిలవాలంటే డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచెయ్యాలట. మిషిగన్‌లో సముద్రమంత సరస్సు మధ్య ఉన్న ఆ చిన్న దీవి దొరికింది. కింద క్లినిక్, పైన ఇల్లు, బయటి గోడ వెంట పదిహేను చెక్క మెట్లు. అల్లుడు నోవైలో కార్ల కంపెనీ ఇంజనీరు. ఐదు గంటలు డ్రైవ్ చేసి, ఆ పైన చిన్న విమానం ఎక్కి, వాతావరణం బాగుంటే శనివారం వచ్చేవాడు. బాగుండేది తక్కువ.

డిసెంబరు మొదట్లో అవతలి ఒడ్డున ఆసుపత్రిలో కాన్పయింది. తొమ్మిదో నెల. కడుపులోనే పోయింది. ఆడపిల్ల. ఎవరి తప్పూ లేదన్నారు. నేనూ వెతకలేదు. దీవికి తిరిగొచ్చాక అమ్మాయి ఆ మెట్లెక్కింది, మళ్లీ దిగలేదు. వారానికోసారి వేరే డాక్టరు విమానంలో వచ్చి చూసి పోయేవాడు. మిగతా రోజులు నర్సే. అమ్మాయి ఎప్పుడు దిగుతుందని నర్సు నన్ను సైగలతో అడిగేది. తెలీదన్నట్టు నేను చేతులు తిప్పేదాన్ని.

నేను ఏడవలేదు. ఎందుకని అడిగితే చెప్పలేను. పొద్దున్నే లేచి వండేదాన్ని. వెల్లుల్లి కారం, శొంఠిపొడి, నెయ్యి. బిడ్డ లేకపోయినా పచ్చి ఒళ్లు పచ్చి ఒళ్లే. అమ్మాయి రెండు ముద్దలు తిని కంచం పక్కన పెట్టేది. పాలు పడ్డాయి. మా వైపయితే రొమ్ములకి మల్లెపూలు కట్టి ఆరబెడతారు. అక్కడ మల్లెపూలెక్కడివి? నర్సు చెప్పినట్టు క్యాబేజీ ఆకులు ఫ్రిజ్‌లో చల్లబరిచి కట్టాను. వాడిన ఆకులు పారేసి, మిగిలిన క్యాబేజీ కూర వండాను. ఇద్దరం తిన్నాం.

జనవరిలో నీళ్లు గడ్డకట్టాయి, పడవ ఆగిపోయింది. క్రిస్మస్ అయ్యాక పారేసే చెట్లన్నీ తెచ్చి, మంచు మీద దారి తెలియడానికి వరసగా పాతారు. కిటికీ దగ్గర కూర్చుని వాటిని చూసేదాన్ని. సాయంత్రం ఐదింటికే అవీ కనపడేవి కావు. చదవడానికి తెలుగు అక్షరమంటే నేను పొడులు పొట్లం కట్టి తెచ్చిన పేపరు ముక్కలే. నాకు చదువొచ్చిందే యాభై దాటాక. కూడబలుక్కుని చదువుతాను కాబట్టి చాలా రోజులు వచ్చాయి. ఒకదాంట్లో మిరపకాయల రేటు, ఒకదాంట్లో సగం చిరిగిన పెళ్లి ప్రకటన. ఆ అబ్బాయి ఏం చదివాడో ఇప్పటికీ తెలీదు.

సూట్‌కేసు అడుగున బిడ్డకోసం తెచ్చిన గుడ్డలుండేవి. నా పాత నేతచీరలు చింపి, ఉతికి ఉతికి మెత్తబరిచినవి. ఆ జిప్పు తియ్యలేదు.

నలభై రోజులు దాటాక ఒక పొద్దున, “లే, తలంటుతాను” అన్నాను.

“వద్దమ్మా. నిన్న షవర్ చేశాను.”

“షవరు తలంటు కాదు. కంపు కొడుతున్నావు.”

గోడవైపు తిరిగింది. కుంకుడుకాయలు వేడినీళ్లలో నానేసి వచ్చి మంచం పక్కన నిలబడ్డాను. కాసేపటికి లేచింది.

కుంకుడుకాయ రసంతో తలంటాను. మంచం మీద పడుకోబెట్టి, జుట్టు అంచునుంచి కిందికి వేలాడదీశాను. కొబ్బరిచిప్ప ముక్కలు పొయ్యి మీద కాల్చి, ఇనప మూకుట్లో పోసి, పైన సాంబ్రాణి చల్లి జుట్టు కింద పెట్టాను. చలికని కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. పొగ పోవడానికి సందు లేదని నాకు తట్టలేదు.

పైకప్పులో ఉన్న పొగ అలారం కూసింది. ఇల్లంతా కూసింది. కింద క్లినిక్కూ కూసింది. దానికీ ఫైర్ స్టేషనుకీ తీగ ఉందట. ఆ ఊళ్లో ఫైరింజనువాళ్లంటే వేరే ఎవరో కాదు, కిరాణా కొట్టాయన, పోస్టాఫీసావిడ, చలికాలం పనిలేని పడవ నడిపే ముసలాయన. పది నిమిషాల్లో ముగ్గురూ టోపీలు పెట్టుకుని మెట్లెక్కేశారు. కొట్టాయన మూకుడు పట్టుకెళ్లి మంచులో బోర్లించాడు. పోస్టాఫీసావిడ కిటికీ తీసింది. ముసలాయన రొప్పుతూ గుమ్మంలో నిలబడి ఏదో అన్నాడు.

“ఏమంటున్నాడే?”

“డాక్టర్‌ని చేపలాగా పొగబెట్టి ఎండబెడుతున్నారా అంటున్నాడు.”

“బాలింతకి తల ఆరబెడుతున్నానని చెప్పు.”

అమ్మాయి తడి జుట్టు వేలికి చుట్టుకుంది. తర్వాత చెప్పింది. ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆయన రొప్పు మాత్రం తగ్గలేదు. అమ్మాయి ఆయన్నే చూస్తోంది. లేచి కూర్చుని, బూటు విప్పమని వేలు చూపించింది. ఆయన వద్దన్నాడు. గొంతు పెంచింది. విప్పాడు. కాలు మేజోడులోంచి పొంగి ఉంది. నొక్కితే గుంట పడింది.

“ఏంటే?”

“నీరు తీసే మాత్రలు మానేశాడమ్మా. అయిపోయాయట. కొత్త డాక్టర్‌కి కాలు చూపించడం ఇష్టం లేదట. నా కోసం వెయిట్ చేస్తున్నాడట.”

ఆ తర్వాత ఆయన్ని ఇంగ్లీషులో దులిపేసింది. ఆ గొంతు విని చాలా రోజులయింది. ముసలాయన తల దించుకున్నాడు, పోస్టాఫీసావిడ మూతి బిగబట్టి నవ్వాపుకుంది.

“ఏమన్నావు?”

“మా అమ్మే నయం, మంట పెట్టినా ఓ పద్ధతి ప్రకారం పెట్టిందన్నాను.” నవ్వకుండానే అంది. “అమ్మా, నా కోటేది? ఇతన్ని కిందికి తీసుకెళ్లి చూడాలి.”

“తల తడి. ఈ గాలికి దిగితే శీతం చేస్తుంది.”

“పదిహేను మెట్లేగా.”

సూట్‌కేసు జిప్పు తీసి, అందిన గుడ్డ తెచ్చి జుట్టు చుట్టూ బిగించాను. అంచు కంటిముందు పడగానే గుర్తుపట్టింది. నా నీలం చీర.

“ఇది...”

“మెత్తటి గుడ్డ ఇంకోటి లేదు” అన్నాను.

ముడి తనే విప్పి, ఇంకాస్త గట్టిగా వేసుకుంది. కొట్టాయన ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. అమ్మాయి వాళ్లకంటే ముందు, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. చలికి కాళ్లు తిమ్మిరెక్కాక లోపలికొచ్చి బూడిద ఊడ్చాను.

రెండు గంటలకి వచ్చింది. అన్నం తిని పడుకుంది. ఆ గుడ్డ ఉతికి హీటరు మీద ఆరేశాను. మర్నాడు తల పొడిగానే ఉంది. అయినా అదే కట్టుకుని దిగింది.