బతికున్నట్టు రుజువేంది?

సదయ్యకు ఉన్నది ఒకే ఒక్క అలవాటు. దేన్నీ నమ్మడు.

గోదావరిఖని చౌరస్తా దగ్గరి బ్యాంకులో పెన్షన్ కౌంటర్ ఆయనది. పక్క కౌంటర్ ఆయన భార్య అనసూర్యది. గోడ గడియారం పదిన్నర చూపిస్తే ఆయన చేతి గడియారం చూసుకుంటాడు. అదీ పదిన్నరే చూపిస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది. "రెండు కూడబలుక్కొని తప్పు నడుస్తున్నయేమో" అని అనసూర్యను టైం అడుగుతాడు. ఆమె చెప్పాక, "రుజువేంది?" అంటాడు.

చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న భూతద్దం ఉంటుంది. బ్యాంకులో దాంతో సంతకాలు, వేలిముద్రలు చూస్తాడు. సాయంత్రం బజారులో వంకాయలు చూస్తాడు. కూరగాయల సారవ్వ ఒకసారి నడుం మీద చేతులు పెట్టుకుని అంది: "సారూ, నీ కన్ను గంత పెద్దగ కనవడితే పురుగు భయానికే సస్తది. కొంటవా, వాటికి కంటి పరీక్ష చేస్తవా?"

పెళ్లిచూపుల్లో కూడా అంతే. అనసూర్య అప్పటికే అదే బ్యాంకు మంచిర్యాల శాఖలో పనిచేస్తోంది. ఆయన వంటొచ్చా అని అడగలేదు, పాటొచ్చా అని అడగలేదు. తెల్ల కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నాడు. మూడుసార్లు పెట్టించాడు. చాయ్ తాగనిచ్చి, ఆమె ఏమరుపాటుగా ఉన్నప్పుడు నాలుగోది పెట్టించాడు. భూతద్దంతో చూసి, "నాలుగూ ఒక్క తీరున్నయ్. మనిషి నిలకడైంది" అని వాళ్లమ్మకు చెప్పాడు. అనసూర్యకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. ఆ నవ్వే ఆమె కొంప ముంచింది.

కూతురు హర్షిణికి జ్వరమొస్తే ఇంట్లోకి మూడు థర్మామీటర్లు వస్తాయి. రెండు నూటొకటి చూపించి మూడోది వంద చూపిస్తే, ఏది నిజమో తేల్చడానికి నాలుగోది కొనుక్కొస్తాడు. అది తేలేలోపు పిల్ల లేచి ఆడుకుంటూ ఉంటుంది. దవాఖానలో డాక్టరు మందులు రాసిస్తే, ఆ కాగితం వెలుతురుకు పట్టి, "సార్, ఇది మీ చేతిరాతేనా?" అని అడిగిన మనిషి.

ఇలాంటాయనకు ఏటా నవంబరు వస్తుంది. గనుల్లో చేసి రిటైరైనవాళ్లూ, చనిపోయినవాళ్ల భార్యలూ ఆ నెలలో బ్యాంకుకొచ్చి, తాము బతికే ఉన్నామని కాగితం మీద సంతకమో వేలిముద్రో వెయ్యాలి. వెయ్యకపోతే పింఛను ఆగిపోతుంది. ఇంకెవరి దగ్గరైనా రెండు నిమిషాల పని. సదయ్య దగ్గర పావుగంట.

"పేరు?"

"పోశం. పోయినేడు గూడ పోశమే."

"బతికున్నట్టు రుజువేంది?"

"నీ ముందట నిలబడి దగ్గుతున్న గద సారూ!"

"దగ్గు ఎవరైనా దగ్గుతరు. బొగ్గుబాయిల దిగిన మొదటి దినం ఏమైంది, చెప్పు."

పోశం కర్ర కౌంటరుకు ఆనించేవాడు. టోపీ మీది దీపం ఆరిపోవడం, చీకట్లో తన కాలే తనకు తగిలితే దయ్యమనుకుని అరవడం, అంతా చెప్పేవాడు. ఏటా చెప్పేవాడు. సదయ్య ఏటా, "పోయినేడు ఎడమకాలన్నవ్, ఇప్పుడు కుడికాలంటున్నవ్" అని పట్టుకునేవాడు. వెనక వరుసలోంచి ఎవరో అరిచేవారు: "సారూ, జల్ది కానియ్! గిట్ల నిలబెడితే ఉన్నోళ్లు గూడ పోతరు!"

అలా నవ్వుతూ నడిచే నవంబరు, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడాది మాత్రం నవ్వుతూ నడవలేదు.

ఆ నెల ఇరవై నాలుగున సంపత్ వచ్చాడు. గనిలో డ్యూటీ చేసే మనిషి. అతని తల్లి లింగవ్వకు చనిపోయిన భర్త తాలూకు పింఛను వస్తుంది. సమ్మెలో సంపత్ జీతం ఆగిన రోజుల్లో ఆ పింఛనే ఇల్లు నడిపింది.

"అవ్వ జారిపడ్డది సారూ. తుంటి ఇరిగింది. మంచం దిగుతలేదు. కాగితం మీద ఏలుముద్ర ఏపిచ్చుకొచ్చిన."

సదయ్య భూతద్దం తీశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు.

"చెల్లది. నేను మనిషిని చూడాలె."

"మంచాన్ని మోసుకరావాల్నా సారూ? పింఛను ఆగితే అవ్వకు మందులెట్ల?"

"ముప్పై తారీఖు దాక టైమున్నది. తర్వాతోళ్లు రండి."

"గుండె కాదది, బొగ్గుపెళ్ల!" అన్నారు వరుసలో. పక్క కౌంటర్లో అనసూర్య తల దించుకుంది.

ఇంటికెళ్లాక అడిగింది. "ఆరు దినాల గా ముసలామె లేచి నడిచొస్తదా?"

"అనుమానమే" అన్నాడు సదయ్య, అన్నం కలుపుకుంటూ.

పన్నెండేళ్ల కాపురంలో ఆ జబ్బు ఆమెకూ అంటుకుంది. ఆయన మీదే మొదలైంది. ఈ నెలంతా ప్రతి ఆదివారం పొద్దున "స్కూటర్‌ల గాలి చూపిచ్చుకొస్త" అని పోతున్నాడు. రెండు చక్రాల గాలికి రెండు గంటలా? ఆమె స్కూటర్ మీటరు చూసి క్యాలెండరు వెనక రాసిపెట్టింది. ఒక ఆదివారానికి పందొమ్మిది కిలోమీటర్లు పెరిగింది. జేబురుమాలుకు ఊదారంగు సిరా. సంచిలో అరటిపండు తొక్క ఒకటి. ఇంటికి మాత్రం పండ్లు రాలేదు. పండ్లు ఎవరికి పోతున్నట్టు? ఆమె మనసులో ఒక ఇల్లు లేచింది, ఆ ఇంట్లో ఒక మనిషి లేచింది, ఆ మనిషి అరటిపండు వొలుచుకుంటోంది. ఇక ఆమెకు రుజువు కావాల్సి వచ్చింది.

ఇరవై ఏడు, ఆదివారం. స్కూటర్ కదలగానే హర్షిణిని పక్కింటి నుస్రత్ బేగం దగ్గర వదిలి, ఆమె కొడుకు తౌఫీఖ్ ఆటో ఎక్కింది.

"ఎక్కడికి అక్కా?"

"గా స్కూటర్ ఎనక."

"గది మన సార్‌దే గద!"

"అందుకే."

తౌఫీఖ్‌కు హుషారొచ్చింది. "ఫికర్ చెయ్యకు అక్కా. నీడ లెక్క పోదాం."

అది తేలికేం కాదు. సదయ్య మలుపు మలుపుకూ ఆగి వెనక్కి చూసే మనిషి. ఆయన ఆగినప్పుడల్లా అనసూర్య సీటు కిందికి వంగేది. ఎనిమిదో ఇంక్లైన్ గని కాలనీ చేరేసరికి ఆమె నడుం పట్టేసింది.

స్కూటర్ ఒక క్వార్టర్ ముందు ఆగింది. సదయ్య అరటిపండ్లు తీసుకుని లోపలికి పోయాడు. అనసూర్య కిటికీ పక్కకు చేరింది.

లోపల మంచం మీద లింగవ్వ. స్టూలు మీద సదయ్య. గోడకానుకుని సంపత్.

"పేరు?" అన్నాడు సదయ్య.

"సచ్చినోడా, పేరు తెల్వకుంటనే ఇల్లు ఎతుక్కుంట వచ్చినవా?"

"తిట్టు సరే. పేరు?"

"లింగవ్వ! నీ బ్యాంకు మీద మన్నువడ!"

"గొంతు సరిపోయింది" అని సదయ్య కాగితం మీద రాసుకుని, జేబులోంచి నాలుగు ముక్కలు తీశాడు. "సంపత్, ఈ ఏలు ఎవనిది?"

సంపత్ నేల చూశాడు. "నాదే సారూ. అవ్వ నొప్పికి రాత్రంత ఏడ్చి అప్పుడే కన్ను మూసింది. లేపబుద్ధి కాలే. ఒక్క రక్తమే గద, ఎవరి ఏలైతేంది అనుకున్న."

"రక్తం ఒక్కటే. గీతలు వేరు. మీ అవ్వ బొటనేలి మీద కొడవలి గాటున్నది, ఏటేటా చూస్తున్న. గా కాగితం బ్యాంకు లోపలికి పోయుంటే నీ నౌకరికే ఎసరొచ్చేది. నలుగురి ముందట చెప్తే నువ్వు దొంగవయ్యేటోనివి. ఇగో, పొయ్యిల పెట్టు."

కిటికీ అవతల అనసూర్యకు వరుసలో అన్న మాట గుర్తొచ్చింది. బొగ్గుపెళ్ల అన్నప్పుడు ఆయన ఒక్క మాటా ఎదురు చెప్పలేదు.

"కిటికీ కాడ ఎవరో దొంగ!" అని లింగవ్వ కేక వేసింది. అనసూర్య లోపలికి రాక తప్పలేదు.

"నువ్వెందుకొచ్చినవ్?" అన్నాడు సదయ్య.

"స్కూటర్‌ల గాలి చూద్దామని."

సదయ్య చెవులు ఎర్రబడ్డాయి. "మంచంల ఉన్నోళ్లు ఏడుగురు. ఇండ్లకు పోయి ఏలుముద్రలు తీసుకుంటున్న, ఈమెతోటి ఆరైన్రు."

"నాతోటి ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు నుస్రత్ బేగంకు చెప్తవ్. ఆమె గోదావరిఖనంత చెప్తది. రేపటి సంది నడిచెటోళ్లు గూడ మంచాలెక్కుతరు."

"నేనెవరికీ చెప్ప."

"రుజువేంది?"

లింగవ్వ మోచేతి మీద కొంచెం లేచింది. "ఆగు సారూ. గీమె ఎవరు?"

"నా భార్య."

"నీ పెండ్లామని రుజువేంది?"

సంపత్ ఫక్కున నవ్వాడు. ఆ ప్రశ్న సదయ్యను ఇంతవరకు ఎవరూ అడగలేదు. లింగవ్వ బొటనేలు ఊదారంగు సిరాలో అద్ది కొత్త కాగితం మీద ముద్ర వేయించి, దాన్ని అనసూర్య ముందు పెట్టాడు. "ఏలుముద్రకు సాక్షి కావాలె. సంతకం పెట్టు."

ఆమె పెట్టింది. ఆయన భూతద్దం తీసి మొదటి అక్షరం నుంచి చివరి గీత దాకా చూశాడు.

"ఈమెనే" అన్నాడు లింగవ్వతో. "పన్నెండేండ్ల కింద నాలుగు చూసిన. గీత గూడ మారలే."

లింగవ్వ అనసూర్యను కిందా మీదా చూసింది. అరటిపండు ఒకటి వొలుచుకుంది.

"నాకైతే నమ్మకం కుదరలే. వచ్చే నవంబర్‌ల మల్ల తోల్కరా. అప్పుడు చూసి చెప్త."