కొనేవాడి మనిషి

అమీర్‌పేటలో మెట్లదారుల గోడలన్నీ కంప్యూటర్ కోర్సుల పోస్టర్లతో నిండిపోయిన ఆ రోజుల్లో, నా ఈడువాళ్ళంతా జావా నేర్చుకుంటుంటే నేను మాత్రం నల్లకోటు తొడుక్కుని పంజాగుట్టలో ఒక సీనియర్ లాయరు గారి దగ్గర జూనియర్‌గా చేరాను. (మా అమ్మ చుట్టాలతో "కోర్టులో సాఫ్ట్‌వేర్" అని చెప్పేదట.)

అప్పుడొచ్చింది జావా బాబు కేసు. ఆ పేరు మేం పెట్టిందే. జావా కోర్సు కోసం వచ్చిన హాస్టల్ కుర్రాడు. రూమ్మేటు బతిమాలితే గంజాయి పొట్లం తెచ్చి, మెట్ల మీద వాడి చేతిలో పెడుతూ పోలీసులకు దొరికిపోయాడు. అమ్ముతున్నాడని కేసు రాశారు. జైలు పడితే చదువూ ఉద్యోగమూ గల్లంతే. నేనేమో విదేశీ తీర్పుల పుస్తకంలో ఒక వింత వాదన చదివి ఉన్నాను: కొనేవాడి కోసం తెచ్చిపెట్టినవాడు కొనేవాడి ఏజెంటే తప్ప అమ్మినవాడు కాడట. లాభం తీసుకున్నాడా, సరుకును పొగిడాడా అని చూస్తారట. కుతూహలం ఆగక కుర్రాణ్ణి కూర్చోబెట్టి అడిగాను.

"నీకేమైనా మిగిలిందా?"

"ఏం మిగల్లే అన్నా. ఆటో కిరాయి సుత నాదే."

"సరుకు బాగుందని పొగిడావా?"

"పొగుడుడా? ఏం కంపురా, పెండ లెక్క ఉన్నదని తిట్టిన. ఇంకోసారి నన్ను పంపకని చెప్పిన."

తన సరుకును పెండతో పోల్చే వ్యాపారి ఉంటాడా! ఎగిరి గంతేశాను. సీనియర్ గారు కళ్ళజోడు పైనుంచి చూసి, "మన చట్టంలో అమ్మినా, కొన్నా, దగ్గరుంచుకున్నా నేరమేనయ్యా. సరే, నీ ముచ్చట ఎందుకు కాదనాలి? చెప్పి చూడు, వెనక నేనుంటాను" అన్నారు.

కోర్టులో పెండతో సహా అంతా విన్నవించాను. జడ్జి గారు నవ్వాపుకుని, "అమ్మలేదనే అనుకుందాం. తెచ్చాడా, లేదా?" అన్నారు.

"తెచ్చాడండి. కానీ కేవలం స్నేహితుడి చెయ్యిగా!"

"పోలీసులు పట్టుకున్నదీ ఆ చెయ్యినే కదా?"

నా వాదన అక్కడితో సరి. సీనియర్ గారు లేచి, కుర్రాడు తప్పు ఒప్పుకుంటున్నాడని, పొట్లం చిన్నదని, ఇదే మొదటిసారని, లాభానికి చేసింది కాదని మెల్లగా చెప్పారు. జరిమానాతో వదిలేశారు.

బయటికొచ్చాక జావా బాబు నా కోటు పట్టుకుని, "అన్నా, ఆ పుస్తకమున్న దేశంల అయితే నన్ను ఇడిసిపెట్టేటోళ్ళా?" అన్నాడు.

"బహుశా."

"మరి గీడెందుకు చెప్పినవన్నా?"

"ఏమంటారో చూద్దామని" అన్నాను.

ఇప్పుడు ఏ మాటకు కోర్టులో ఏ జవాబొస్తుందో నాకు ముందే తెలుసు. అందుకే నోరు విప్పేముందు చాలా వాదనలు మింగేస్తాను. పెండ మాట ఒక మనిషిని గట్టెక్కిస్తుందేమోనని నిండు కోర్టులో గొంతెత్తిన ఆ కుర్ర లాయరంటే, చెప్పొద్దూ, కాస్త అసూయగానే ఉంటుంది.