ఫౌంటెన్లు ఆపేసే నెల

మే నెల మధ్యాహ్నం, రాయ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన కూర్చున్న పెద్దావిడ, రిటైరైనవాళ్లకిచ్చే రైల్వే పాసు మీద ఒక రాజభవనం తోటలు చూడడానికి వెళుతోంది.

"ఈ ఎండల్లో అక్కడేముంటుందమ్మా? ఫౌంటెన్లు కూడా ఆపేస్తారు," అన్నాను.

"అందుకే ఎల్తన్నాను. ఎపుడో సలికాలంలో మా ఆయనతో ఎల్లినపుడు నీళ్లు ఎగిరెగిరి పడతన్నాయి. గొట్టాలు ఎటునుంచి వచ్చాయోనని ఆయన వంగి సూత్తే, చౌకీదారు ఈల ఊది 'హటో హటో' అని తరిమేసినాడు."

ఆయన ఈ స్టేషన్లోనే రైలుపెట్టెలకు నీళ్లు నింపేవాడట. ఆయన పోయాక ఆ ఉద్యోగం ఆవిడకే ఇచ్చారు. రిటైరయ్యేదాకా ఆ నీళ్ల గొట్టాలే ఈడ్చింది.

"ఇపుడు తొట్టి ఎండిపోయుంటాది. లోపలికి దిగి ఒక్కో గొట్టం తడిమి వత్తాను. ఈసారి హటో అనమను, సూద్దాం!" అంటూ లేచి, తన సంచీ తనే ఎత్తుకుంది.

ఆ డిసెంబరులో నేనూ ఆ తోటకు వెళ్లాను. అందరూ నీళ్లను ఫోటో తీసుకుంటుంటే, నేను గట్టు మీద వంగి గొట్టాలు ఎటునుంచి వచ్చాయో వెతికాను. వెనక ఈల మోగింది. పూర్తిగా చూసేదాకా తలెత్తలేదు.