చక్రాల్లేని బండికి నాలుగు నిమ్మకాయలు

లోవమ్మ పుట్టింది తుని దగ్గర ఒక పల్లెలో. తలుపులమ్మ తల్లికి మొక్కుకున్నాక పుట్టిందని, అమ్మవారు వెలసిన లోవ పేరే పిల్లకీ పెట్టుకున్నారు. ఆ వైపు జనానికి కొత్త బండి కొంటే అమ్మవారి దగ్గరికి తీసుకెళ్ళి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాకే మనసు కుదుటపడుతుంది. లోవమ్మ పెనిమిటి పోలరాజు పద్దెనిమిదేళ్ళు లారీ తోలాడు. అందుకని బండి అంటే ఆవిడకి అన్నం పెట్టేదీ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేలా చేసేదీ కూడా.

పోలరాజుకి నడుము పట్టేసి స్టీరింగు వదిలాక, ఇద్దరూ సికింద్రాబాదు వచ్చేసి కాప్రాలో ఒక రేకుల ఇల్లు అద్దెకి తీసుకున్నారు. ఆయన ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా కుదురుకున్నాడు. ఆవిడ యాప్రాల్ నుంచి బొల్లారం వెళ్ళే దారిలో ఉన్న ఒక కంపెనీలో టీ కాచే పనిలో చేరింది.

అవి ఊళ్ళో ఎవర్ని కదిపినా సాఫ్ట్‌వేర్ అనే రోజులు. ఏ సందులో చూసినా కంప్యూటర్ క్లాసుల బోర్డే. లోవమ్మ పనిచేసే చోట మాత్రం కంప్యూటర్ల మీద కార్లు గీసేవారు. మేడ మీద ముప్పైమంది ఇంజనీర్లు. కింద షెడ్డులో కొలతల ప్రకారం చెక్కతో నమూనాలు చేసే నతానియేల్, ఇద్దరు సహాయకులు. పనంతా యూరప్ కంపెనీలది.

టీ గదికి గడప ఎత్తు. లోవమ్మకి కుడి మోకాలు సరిగా వంగదు. చిన్నప్పుడెప్పుడో నీళ్ళ బిందెతో జారిపడినప్పటి దెబ్బ. చేరిన నెలలోనే ఒక పొద్దున వచ్చేసరికి గడప ముందు నాలుగంగుళాల ఎత్తున చెక్కమెట్టు ఒకటి కనబడింది. అంచులు నునుపుగా రుద్ది ఉన్నాయి.

"ఏటి బాబూ ఇది?" అని నతానియేల్‌ని అడిగింది.

"ఏం లేదక్కా. ప్లైవుడ్ ముక్క మిగిలింది, పారేసుడెందుకని" అన్నాడతను తల ఎత్తకుండా.

మిగిలిన ముక్కకి అంచులెవరు రుద్దుతారు? ఆనాటి నుంచి అల్లం దంచి వేసిన మొదటి గ్లాసు మాత్రం షెడ్డుకే వెళ్ళేది.

2005 ఎండాకాలంలో ఆ షెడ్డులోకి ఒక కొత్త పని వచ్చింది. యూరప్‌లో ఒక కంపెనీ మోటార్ షోలో చిన్న కారు ఒకటి చూపించింది. ఇంజనీరమ్మాయి ప్రిసిల్లా దాని ఫొటో తెచ్చి లోవమ్మకి చూపించింది. రెక్కలు ముడుచుకుని కూర్చున్న పావురంలా ఉందది. కప్పు వెనక్కి వయ్యారంగా వాలిపోయి ఉంది.

"ఎంత ముద్దుగా ఉందమ్మా! రోడ్డు మీదకి ఎప్పుడొస్తాది?"

"అదే తెలీదు ఆంటీ. ఇవి కాన్సెప్ట్ కార్లు. షోలో పెడతారు, అందరూ చప్పట్లు కొడతారు, ఫొటోలు తీసుకుంటారు. పదింటిలో ఒకటో రెండో ఫ్యాక్టరీ దాకా వెళ్తాయి. మిగిలినవి మూల పడతాయి."

"అయితే పెళ్ళిచూపులకొచ్చి, ఉప్మా తినేసి, కబురెడతామని పోయినట్టన్నమాట!"

ప్రిసిల్లా నవ్వాపుకోలేకపోయింది. "సేమ్ టు సేమ్ ఆంటీ."

ఆ కారుని మన దేశంలో కూడా అమ్మాలని ఆ కంపెనీ ఆలోచన. మనవాళ్ళు అందులో ఎలా కూర్చుంటారో చూసుకోవడానికి, అసలు కారంత నమూనా ఒకటి ఇక్కడే చేయించారు. చెక్కతో ఒళ్ళు, పైన ఫైబర్ తొడుగు, లోపల నిజం సీట్లు. తలుపులు తెరుచుకుంటాయి. ఇంజనుండదు, చక్రాలుండవు, నాలుగు ఇనప స్టాండ్ల మీద నిలబడి ఉంటుంది. ఆఫీసువాళ్ళు దాన్ని బక్ అనేవారు. లోవమ్మకి అది చెక్క బండి.

గురువారం నాడు యూరప్ నుంచి ముగ్గురు చూడ్డానికి వస్తారని తెలిసింది. వాళ్ళకి నచ్చితే తరవాతి పనంతా ఇక్కడికే. నచ్చకపోతే కారు మూల పడుతుంది, దానితోపాటు ఆ ఆఫీసూ మూతపడుతుంది. వేరే పని ఏదీ చేతిలో లేదు.

"సార్, వెనక కప్పు మరీ కిందికుంది. నేను రెండుసార్లు రాశాను" అంది ప్రిసిల్లా మీటింగులో.

మేనేజరు రామభద్రరావు నుదురు తుడుచుకున్నాడు. "చూడమ్మా, ఆ వాలు చూసే కదా షోలో అందరూ పడిపోయింది! మన పని గీయడం. వాళ్ళ డిజైన్‌కి వంకలు పెట్టడం కాదు."

చీర కట్టుకున్న ఒకావిడ వెనక సీట్లో ఎక్కి దిగడం చూడాలని యూరప్‌వాళ్ళు ముందే రాశారు. ఆఫీసు అమ్మాయిలంతా చుడీదార్లు, జీన్సులు వేసుకునేవాళ్ళే. రామభద్రరావు తన గ్లాసు తనే పట్టుకుని టీ గదికి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాడు. షుగరు ఉన్నా, ఎవరి పుట్టినరోజైనా కేకు ముక్క నోట్లో పెట్టుకుని వాళ్ళని సంతోషపెట్టే రకం.

"లోవమ్మగారూ, మీరు కూర్చుని దిగండి, అంతే. ఎలా ఉందని అడుగుతారు. బాగుందనండి. ముప్పై ఇళ్ళలో పొయ్యి వెలగాలి."

"అదెంతపని బాబుగారూ. అలాగేనండి" అంది లోవమ్మ. అప్పటికింకా ఆవిడ ఆ బండి ఎక్కి చూడలేదు.

గురువారం అందరికంటే ముందు వచ్చింది. జరీ అంచు చీర కట్టుకుని, ముడిలో కనకాంబరాల దండ తురుముకుంది. సంచిలో నాలుగు నిమ్మకాయలు. షెడ్డులోకి వెళ్ళి చెక్క బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, చేతిలో కాయలతో అలాగే నిలబడిపోయింది. చక్రాలే లేని బండికి నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలి?

నతానియేల్ అప్పుడే వచ్చాడు. "ఏందక్కా, గట్ల నిలబడ్డవ్? ఏమన్న పోయిందా?"

"చక్రాలు లేవు కదా బాబూ, నిమ్మకాయలెక్కడెట్టను?"

అతను ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. నవ్వుతాడేమోనని ఆవిడ కాస్త జంకింది. అతను నవ్వలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి, టేపుతో కొలిచి, చక్రాలు వచ్చే చోట నేల మీద నాలుగు సున్నాలు గీశాడు.

"ఇగో, ఈడ పెట్టు. నా ప్రార్థన నేను పొద్దున్నే చేస్కున్న. నీది సుత కానీ."

లోవమ్మ నాలుగు సున్నాల్లో నాలుగు కాయలు పెట్టి కళ్ళు మూసుకుంది. "అమ్మా, ఈ బండి రోడ్డు మీదకి రావాలి. ఎక్కినోళ్ళు చల్లగా దిగాలి" అనుకుంది.

పదకొండింటికి ముగ్గురూ వచ్చారు. వాళ్ళలో పెద్దావిడ క్రిస్టీనా. నెరిసిన జుట్టు, పొడుగాటి మనిషి. లోవమ్మని చూసి చేతులు జోడించింది. లోవమ్మ దణ్ణం పెట్టి బండి దగ్గరికి నడిచింది.

ఎడమకాలు లోపల పెట్టి తల వంచింది. ఎంత వంచినా చాలలేదు. కప్పు అంచు ముడిని తాకి, దండ ఊడి సీటు మీద పడింది. కుచ్చిళ్ళు తలుపు కింది అంచుకి పట్టుకున్నాయి. కుడి మోకాలు వంగనని మొరాయించింది. ముందు సీటు పట్టుకుని ఎలాగో లోపలికి ఒరిగింది. దిగడం ఇంకా కష్టమైంది. గడపలాంటి ఆ వెడల్పు అంచు దాటి పాదం నేల కోసం వెతుక్కుంటూ గాలిలో ఊగింది. నతానియేల్ చెయ్యందించబోయి, రామభద్రరావు కళ్ళతో వారించడంతో ఆగిపోయాడు.

"ఎలా ఉందని అడుగుతున్నారు ఆంటీ" అంది ప్రిసిల్లా.

లోవమ్మ రామభద్రరావు వైపు చూసింది. ఆయన మొహమంతా చెమట. ముప్పై పొయ్యిలు గుర్తొచ్చాయి. అందులో తనదీ ఒకటి. 'బాగుంది' అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. చూపు కిందికి దిగితే సుద్ద సున్నాలో నిమ్మకాయ కనబడింది. ఎక్కినోళ్ళు చల్లగా దిగాలని పొద్దున అమ్మవారిని అడిగింది ఎవరు?

"అమ్మా, లోపల కూకుంటే తల్లి ఒళ్ళో ఉన్నట్టుంది. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఎక్కడం, దిగడం నా వల్ల కాలేదు. నాలాంటి కాళ్ళోళ్ళు ఊరినిండా ఉన్నారు."

ప్రిసిల్లా ఆ మాటల్ని తగ్గించలేదు, పెంచలేదు. అలాగే ఇంగ్లీషులో చెప్పింది.

క్రిస్టీనా వంగి, సీటు మీది దండ తీసి లోవమ్మ చేతికిచ్చింది. మళ్ళీ ఒకసారి ఎక్కగలరా, నెమ్మదిగా, అని అడిగింది. అప్పుడు నతానియేల్ ఎవరి కళ్ళూ చూడలేదు. గబగబా వెళ్ళి టీ గది ముందున్న చెక్కమెట్టు తెచ్చి తలుపు కింద వేశాడు. ఈసారి కాలు సులువుగా లోపలికి వెళ్ళింది. తల మాత్రం తగిలింది. క్రిస్టీనా టేపు అడిగి మెట్టు ఎత్తు కొలిచింది, కప్పుకీ ముడికీ మధ్య కొలిచింది, అన్నీ రాసుకుంది. అవునని అనలేదు, కాదని అనలేదు. టీ బాగుందని మాత్రం రెండుసార్లు చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం రామభద్రరావు బల్ల మీద టీ చల్లారిపోయింది.

ఇంటికెళ్ళి లోవమ్మ పోలరాజుతో అంది: "అందరి నోటికాడ కూడు నేనే తన్నేశాను."

ఆయన నడుముకి దిండు సర్దుకున్నాడు. "బ్రేకు పట్టట్లేదని చెప్తే ఓనరు తిట్టేవోడు. ఊరుకుంటే ఘాటీలో లోయలో పడేవోళ్ళం. తిట్లే మేలు. అన్నం ఎట్టు."

తొమ్మిది రోజులు గడిచాయి. మేడ మీద కొందరు వేరే ఉద్యోగాల కోసం కాగితాలు సిద్ధం చేసుకున్నారు. ఎవరూ లోవమ్మని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆవిడకి బరువుగా ఉండేది. పదో రోజు రామభద్రరావు ఖాళీ గ్లాసుతో టీ గదికి వచ్చాడు.

"మెయిల్ వచ్చింది లోవమ్మగారూ. కప్పు మూడు వేళ్ళు లేపమన్నారు. కింద అంచు మీ మెట్టంత దించమన్నారు. కొత్త బక్ ఇక్కడే చెయ్యాలట. ఫ్యాక్టరీకి వెళ్తుందని మాత్రం రాయలేదు." కాసేపు గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "ఆ మాట అనమని మిమ్మల్ని నేను అడక్కుండా ఉండాల్సింది."

"ఊరుకోండి బాబుగారూ. మీరడిగింది మీ ఒక్కరి కోసమా? ఇవాళ అల్లం ఎక్కువేశాను, తాగండి."

ఎక్కి దిగే ఆడవాళ్ళు యాభైమంది కావాలని కూడా రాశారు. వాళ్ళని పోగుచేసే పని లోవమ్మకి పడింది. పూలమ్మే కమలాబాయి మొదట వచ్చింది. భారీ మనిషి, తలుపు దగ్గర ఆగి, "దీన్లకెల్లి నేను బయటికి రాకుంటే కారు నాకే ఇచ్చేస్తరా?" అంది. ఆ నెలంతా షెడ్డులో నవ్వులే. ప్రిసిల్లా ఒక్కొక్కరికీ కొలతలు రాసుకుంటూ, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి కుర్చీ వేసేది.

రెండో చెక్క బండి సిద్ధమయ్యేసరికి వానలు తగ్గాయి. క్రిస్టీనా మళ్ళీ వచ్చే పొద్దున లోవమ్మకి బస్సు ఆలస్యమైంది. పరుగులాంటి నడకతో, సంచి గుండెకి అదుముకుని వచ్చి చూస్తే, నేల మీద నాలుగు సున్నాలు అప్పటికే గీసి ఉన్నాయి. పక్కన రామభద్రరావు, చేతిలో టిఫిన్ సంచి.

"మీరు రారేమోనని నాలుగు నేనూ తెచ్చాను. ఎడమ నుంచి పెట్టాలా, కుడి నుంచా?"

"మీకేది వీలైతే అదే బాబుగారూ. అమ్మ అన్నీ చూసుకుంటాది" అంది లోవమ్మ కళ్ళొత్తుకుంటూ. ఒక్కో సున్నాలో రెండేసి కాయలు పెట్టారు.

ఆవిడ ఎక్కింది, కూర్చుంది, దిగింది. కనకాంబరాలు తలలోనే ఉన్నాయి. క్రిస్టీనా కళ్ళు ముందు ఆ దండ మీదకే వెళ్ళాయి.

కార్తీకంలో కబురొచ్చింది. ఇనపవి, ఇంజనుతో నడిచేవి, కొన్ని బళ్ళు చేసి రోడ్ల మీద తిప్పి చూస్తారట. ఒకటి ఇక్కడికీ వస్తుందట. అది ఫ్యాక్టరీ దాకా వెళ్ళడానికి ఇంకా రెండు మూడు మెట్లున్నాయని ప్రిసిల్లా వివరించింది. ఆఫీసుకి మాత్రం రెండేళ్ళ పని దొరికింది.

లోవమ్మ మొదటి గ్లాసు షెడ్డుకి తీసుకెళ్ళింది. నతానియేల్ ఊదుకుంటూ ఒక గుక్క తాగాడు.

"ఇన్నవా అక్కా? ఈసారి చక్రాలుంటయ్. జెర పెద్ద నిమ్మకాయలు తే."

"తెస్తాను గానీ, తుని దాకా ఓసారి తోలనిస్తారేటో కనుక్కో బాబూ. మా ఆయన డ్రైవరే" అంది లోవమ్మ.