బాణీ ఒక గడిలో, తిట్టు ఒక గడిలో

నిన్న పొద్దున మా కొయ్య అడితి ముందు నుంచి పెళ్ళి బ్యాండు వెళ్ళింది. క్లారినెట్టు ఎత్తుకున్న పాటలో మొదటి ఐదు స్వరాలు వినగానే దుంగ కొలుస్తున్న నా టేపు ఆగిపోయింది. అది మంగపతి గారి బాణీ. పోయిన వాటి లెక్క మళ్ళీ మనసులో తిరిగింది. ఆయన కట్టిన సంగీత నాటకాలు ఏడు. వాటిలో ఐదింటికి ఒక్క కాగితమూ మిగల్లేదు. రంగు తెరలు పదకొండు, అన్నీ చెదల పాలయ్యాయి. పాటలు నూట నలభై అంటారు; మేము పట్టుకోగలిగినవి ముప్పై ఎనిమిది. నూట రెండు పోయినట్టే. ఆ లెక్క నా చేత మొదలుపెట్టించిన సుగుణ టీచరు పోయి మూడేళ్ళయింది.

మంగపతి గారిని మేమెవరమూ చూడలేదు. మా తాతల కాలం మనిషి. తిరువూరులో ఆయన పేరెత్తితే ఇప్పటికీ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అంతటి పాట కట్టినవాడు మళ్ళీ పుట్టలేదనేది ఒకటి. చర్చికి వెళ్ళే పేట జనాన్ని వెక్కిరిస్తూ నాటకంలో పాట పెట్టాడనీ, వాళ్ళను పందిట్లోకి కూడా రానివ్వలేదనీ రెండోది. రెండూ నిజమే. సుగుణ టీచరు ఆ పేట మనిషి. రిటైరయ్యాక, ఆయన బాణీలు ఎక్కడెక్కడికి చేరాయో వెతకడం మొదలుపెట్టింది. భజనల్లో, బుర్రకథల్లో, తోలుబొమ్మలాటలో, పెళ్ళి బ్యాండులో ఎక్కడ వినిపించినా వదిలేది కాదు.

హార్మోనియంకి చిన్న టేకు ముక్క కావాలని ఒకసారి అడితికి వచ్చింది. నేను దుంగ చుట్టుకొలత చూసి, ఘనపుటడుగులు నోటితోనే కట్టి, సుద్దతో దుంగ మీద రాస్తున్నాను.

"ఎక్కడ చదివావయ్యా ఈ లెక్కలు?"

"ఎక్కడా లేదండీ. ఎనిమిదితో ఆపేశాను. ఈ దుంగలే నేర్పినియ్యి."

"అయితే నీకు పాటలు కొలిచే పనిస్తాను, రా."

నవ్వులాటకి అందనుకున్నాను. ఆదివారం సాయంత్రానికల్లా ఆవిడ వరండాలో కూర్చుని ఉన్నాను. నాకు స్వరాలు రావు. అందుకని హార్మోనియం మెట్లకు, నల్లవీ తెల్లవీ కలిపి, ఎడమ నుంచి అంకెలు వేశాను. ఎవరు ఏ పాట పాడినా టీచరు మెట్లు వెతికి పట్టుకునేది, నేను అంకెలు రాసుకునేవాణ్ణి. నెమలి అనే ఊరి దారిలో విన్న భజన: పదమూడు, పదిహేను, పదిహేడు, పదమూడు, పద్దెనిమిది. చర్చిలో క్రిస్మస్ తెల్లవారుజామున పాడే పాట, టీచరు నాన్నగారు జీవితమంతా పాడిన పాట: పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు, పద్దెనిమిది, ఇరవై మూడు.

"కలవలేదండీ," అని నెలరోజులు చెప్పాను.

"నా చెవికి కలుస్తున్నాయి సాంబయ్యా. నీ లెక్కకెందుకు కలవవు?"

జవాబు అడితిలోనే దొరికింది. దుంగల దొంతిలో ఒక్కో దుంగ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో నేనెప్పుడూ కొలవను. కింది దుంగ కంటే ఎంత ఎత్తో చూస్తాను, ఎందుకంటే మా నేల ఎగుడుదిగుడు. పాటకైనా అంతే కదా! పాడేవాళ్ళు ఒకరు కింద నుంచి ఎత్తుకుంటారు, ఒకరు పై నుంచి. అంకెలు వదిలేసి, అంకెకీ అంకెకీ మధ్య తేడాలు రాశాను. రెండు పైకి, రెండు పైకి, నాలుగు కిందికి, ఐదు పైకి. రెండు పాటలకీ అవే! సైకిలెక్కి ఎండలోనే టీచరింటికి పరిగెత్తాను. ఆవిడ కాగితం చూసి, పొయ్యి మీద పాలు పొంగుతున్నా లేవలేదు. ఆ తర్వాత ఆరు నెలలు మేమిద్దరం విస్సన్నపేట, రెడ్డిగూడెం బస్సుల్లోనే బతికాం. వెతికినచోటల్లా ఆ బాణీలే తగిలేవి.

తప్పు నేను చేసింది విస్సన్నపేటలో. ఒక ముసలి హార్మోనిస్టు ఆ వెక్కిరింపు పాటను వాయించి చూపించాడు. ఆ రోజు టీచరుకి జ్వరం, నేనొక్కణ్ణే వెళ్ళాను. అంకెలు రాసి తేడాలు కట్టాను. టీచరు నాన్నగారి క్రిస్మస్ పాటా, వాళ్ళను తిట్టిన పాటా ఒకటే బాణీ. ఆవిడకి ఇది ఎలా చెప్పేది? నాన్న పాట ఆవిడకి ఇంక మిగలదేమోనని భయపడ్డాను. జీవితంలో మొదటిసారి దొంగలెక్క రాశాను. ఐదో అంకె పద్దెనిమిదిని పంతొమ్మిది చేశాను.

మర్నాడు టీచరు ఆ కాగితం ముందు పెట్టుకుని వాయించింది. ఐదో అంకె దగ్గర ఆగింది. మళ్ళీ వాయించింది.

"మంగపతి చెడ్డవాడైతే కావచ్చు గానీ, ఇంత చెడ్డ బాణీ మాత్రం కట్టడే!"

నేను తల దించుకున్నాను. ఆవిడ వేలు పంతొమ్మిది మీంచి పద్దెనిమిదికి జరిగింది. అది నాన్న పాటేనని తెలిసిపోయింది. చివరిదాకా వాయించింది.

"నన్ను కాపాడదామనుకున్నావా?"

"అవునండీ."

"ఎవరడిగారు నిన్ను?"

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఈ సంగతి చర్చిలో చెప్తానంది. వద్దని బతిమాలాను. వినలేదు. చెప్పింది, రెండు పాటలూ వాయించి మరీ చెప్పింది. కొందరు లేచి వెళ్ళిపోయారు. ఆ పాట ఇక ఆపేద్దామని ఒకాయన అన్నాడు. టీచరు మొహం పాలిపోయింది. అప్పుడు వెనక చాప మీద నుంచి దీనమ్మ అనే ముసలామె గొంతు లేచింది.

"తెలవకేం టీచరమ్మా? మా అత్త ఆ పందిరెనకాల, చీకట్లో నిలబడి నేర్చుకుంది. తిట్టు ఆడనే పారేసి పాట ఎత్తుకొచ్చింది. మనకి లోపలికి టికెట్టు ఇయ్యలేదుగా, అందుకని!"

చర్చి అంతా గొల్లున నవ్వింది. టీచరు హార్మోనియం వదిలేసి చప్పట్లు కొట్టింది. "ఎత్తుకొచ్చిందట! రాసుకో సాంబయ్యా, రాసుకో!" అని అందరి ముందూ అరిచింది. అంత సంతోషం నేను ఆవిడలో మళ్ళీ చూడలేదు.

ఇంటికి నడుస్తూ అడిగాను. "అయితే ఆయన్ని క్షమించేసినట్టేనా అండీ?"

"లేదు. రెండు గళ్ళు గియ్యి. ఒకదాంట్లో బాణీ, ఒకదాంట్లో తిట్టు. దీంట్లోంచి అది తీసెయ్యకు. చివర్న ఒకటే అంకె తేలాలనే యావ నీది. అన్ని లెక్కలూ అలా తేలవు." నాలుగడుగులు వేసి మళ్ళీ అంది: "ఆ పంతొమ్మిదికి నీకు జరిమానా. నేను వినని పాటలు పన్నెండు పట్టుకురా. దొంగలెక్క లేకుండా."

ఆవిడ ఉండగా నాలుగు తెచ్చాను. పోయాక, బస్సు దొరికిన ఆదివారమల్లా తిరిగి మరో నాలుగు పట్టుకున్నాను. నిన్నటి బ్యాండు వెనక టేపు చేతిలో పట్టుకునే సందు చివరిదాకా నడిచాను. క్లారినెట్టు ఆయన్ని ఆపి, పాట మొత్తం రెండుసార్లు వాయించమన్నాను. పెళ్ళివాళ్ళు తిట్టుకున్నారు. తేడాలు రాసుకుని రాత్రి పాత కాగితాలన్నిటితో సరిచూశాను. మొదటి ఐదూ తెలిసినవే, ఆరో స్వరం నుంచి దారి మారింది. కొత్త పాటే. తొమ్మిదోది.

ఇంకా మూడు బాకీ.